నెచ్చెలి – సహేలీ: మన గ్రంథాలయంలో ఒక ఖాళీ అర

గ్రంథాలయం కళాశాలకు గుండెకాయ వంటిదని పెద్దలు చెబుతారు. ఆ గుండెకాయను కనిపెట్టుకొని ఉండే బాధ్యత కొంతకాలం మా చేతికి వచ్చింది. ఆ రోజులలో మేము చేసిన ఒక పొరపాటును ముందుగా ఒప్పుకొని, ఆ తరువాత అసలు విషయానికి వస్తాము.

రంజాన్ పండుగ సెలవులకు ముందు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని తన కార్డు మీద మూడు పుస్తకాలు తీసుకొన్నది. పదిహేను రోజుల గడువు దాటింది. నోటీసు బోర్డులో పేరు పెట్టాము. పుస్తకాలు రాలేదు. బక్రీద్ సెలవు ముగిసిన రోజున మూడింటినీ చక్కగా కాగితపు అట్టలు వేసి తెచ్చి మా బల్ల మీద పెట్టింది. 54 రోజుల ఆలస్యం. పుస్తకానికి రోజుకు 1 రూపాయి చొప్పున 162 రూపాయలు జరిమానా అని లెక్క కట్టి చీటీ వ్రాసి ఇచ్చాము. ఇంత జాప్యం ఎందుకయిందని అడిగితే, “పండుగలకే గదా సార్ వచ్చేది” అన్నది. ఆ మాట మాకు అర్థం కాలేదు. అర్థం చేసుకొనే ప్రయత్నమూ చేయలేదు. ఆ అమ్మాయి మూడు విడతలుగా ఆ సొమ్ము చెల్లించింది.

సంగతి తరువాత మరొక విద్యార్థిని ద్వారా తెలిసింది. ఆ పుస్తకాలు ఆమె తనకోసం తీసుకొన్నవి కావు. మొదటి సంవత్సరమంతా ఒకే బెంచీ మీద తన ప్రక్కన కూర్చున్న స్నేహితురాలికి పెండ్లి అయి, చదువు ఆగిపోయి, వేరే ఊరికి కాపురానికి వెళ్ళింది. పుట్టింటికి వచ్చేది పండుగలకే. రంజాన్‌కు చేతికి అందిన పుస్తకాలు బక్రీద్‌కు గాని తిరిగి రావు. ఆ ఇద్దరి స్నేహం పండుగల లెక్కన నడుస్తున్నది. మా గ్రంథాలయం పదిహేను రోజుల లెక్కన నడుస్తున్నది.

గ్రంథాలయానికి నియమాలు అక్కరలేదని మేము అనడం లేదు. మమ్మల్ని బాధించినది వేరు. ఏండ్ల తరబడి సాహిత్యం బోధిస్తున్నాము. అయినా మా బల్లకు అవతల నిలబడి ఉన్న కథ మా కంటికి ఆనలేదు. అది ప్రేమకథ అయి ఉంటే వెంటనే పసిగట్టి ఉండేవారము. అత్తాకోడండ్ర కథ అయినా, వరకట్నపు కథ అయినా గుర్తుపట్టి ఉండేవారము. ఇద్దరు ఆడపిల్లల స్నేహం కూడా ఒక కథావస్తువేనని, దానికీ ఎడబాటూ త్యాగమూ పట్టుదలా ఉంటాయని మాకు నేర్పిన పుస్తకాలు చాలా తక్కువ. ఎందుకు తక్కువ? ఈ ప్రశ్ననే ఈ సంచిక పాఠకుల ముందు పెట్టదలచాము.

కావ్యాలలో చెలికత్తె

మన కావ్యాలలో చెలికత్తెలకు కొదవ లేదు. విరహంతో వేగిపోయే నాయికకు చందనం పూయడానికి, వీవన వీచడానికి, రాయబారం నడపడానికి వారు కావాలి. వసుచరిత్రలో గిరికకు మంజువాణి ఉన్నది. నాయకుడు లభించిన తరువాత చెలికత్తెకు పని ఉండదు. కవికి ఆమె గుర్తుండదు.

శాకుంతల కథను చూడండి. అనసూయా ప్రియంవదలు లేని కణ్వాశ్రమాన్ని ఊహించలేము. దుర్వాసుని శాపం విన్నది వారు. ప్రియంవద ఆ ముని కాళ్ళమీద పడి శాపానికి గడువు సంపాదించింది. శకుంతల మనసు నొచ్చుకొంటుందని ఇద్దరూ ఆ భయాన్ని తమలోనే దాచుకొన్నారు. అత్తవారింటికి బయలుదేరిన శకుంతల, నా చెలులు ఇక్కడినుండే వెనుదిరుగుతారా అని తండ్రిని అడుగుతుంది. వారినీ పెండ్లి చేసి పంపవలసి ఉన్నది గనుక అక్కడికి రావడం తగదని కణ్వుడు జవాబిస్తాడు. అంతటితో ఆ ఇద్దరూ నాటకంలోనుండి శాశ్వతంగా నిష్క్రమిస్తారు. ఆ తరువాత వారేమయ్యారు? కావ్యాలలో ఉపేక్షకు గురియైన స్త్రీలను గురించి వ్రాసిన వ్యాసంలో రవీంద్రనాథ్ టాగూరు ఊర్మిళతోపాటు వీరిద్దరినీ తలచుకొన్నాడు. ఆయనకు ముందు ఎన్ని శతాబ్దాల పాఠకులు ఆ ప్రశ్న వేయకుండానే పుట త్రిప్పారో ఆలోచించండి.

మనుచరిత్రలోని మనోరమ కథ మరింత ఆలోచింపజేస్తుంది. చెలిని శపించిన మునిని నిలదీసినందుకే విభావసి, కళావతి ఘోరవ్యాధుల పాలవుతారు. స్వరోచి తనను చేపట్టిన తరువాత మనోరమ సుఖపడలేక, నా చెలులు బాధపడుతుండగా నాకు భోగమెక్కడిదని దుఃఖిస్తుంది. ఎంత గొప్ప స్నేహం! స్వరోచి వారి రోగాలను నయం చేస్తాడు. పిమ్మట వారిని కూడా వివాహమాడతాడు. నెచ్చెలులు సవతులవుతారు. ఆడవారి స్నేహాన్ని ముగించడానికి మన పూర్వకవుల దగ్గర పెండ్లి తప్ప మరొక ఉపాయం ఉన్నట్లు లేదు.

ఉర్దూ సాహిత్యంలో

ఉర్దూ సంగతి పరిశీలిద్దాం. 1869లో వెలువడిన నజీర్ అహ్మద్ నవల ‘మిరాతుల్ ఉరూస్’ పేరుకే వధువు అద్దం. ఆ అద్దంలో అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెండ్రు కనిపిస్తారు. ఒకతె గడుసుదై సంసారం చెడగొట్టుకొంటుంది. మరొకతె తెలివితో ఇల్లు నిలబెడుతుంది. దాని తరువాత ఆయన వ్రాసిన ‘బనాతున్నాష్’ మన విషయానికి మరింత దగ్గరిది. ఆ పేరు ఆకాశంలోని సప్తర్షి మండలానిది. ఆ నవలలో అస్గరీ తన ఇంటిలోనే ఆడపిల్లలకు బడి నడుపుతుంది. గారాబంతో పెరిగిన హుస్నారా ఆ బడిలో చేరి తోటి బాలికల సాంగత్యంలో మారుతుంది. పరదా చాటున కొందరు ఆడపిల్లలు గుండ్రంగా కూర్చొని, భూమి ఆకారమేమిటి, లెక్క ఎలా చేయాలి అని మాట్లాడుకొనే దృశ్యం ఆ కాలానికి చిన్న విషయం కాదు. అయితే ఆ చదువుకూ ఆ సాంగత్యానికీ గమ్యం ఒక్కటే: మంచి ఇల్లాలు కావడం.

పుస్తకాలు ఇవ్వని చోటును ఒక పత్రిక ఇచ్చింది. 1898లో లాహోరులో ముహమ్మదీ బేగం సంపాదకత్వాన ‘తహ్జీబె నిస్వాన్’ అనే వారపత్రిక మొదలయింది. గడప దాటని స్త్రీలు దూరదూర పట్టణాలనుండి దానికి ఉత్తరాలు వ్రాశారు. ఒకరినొకరు ‘తహ్జీబీ బహెన్’ అని పిలుచుకొన్నారు. ముఖం చూడని స్నేహితురాండ్రను కాగితం కలిపింది. 1940 దశకంలో ఇస్మత్ చుగ్తాయీ ‘టేఢీ లకీర్’ నవల వ్రాసి, శమ్మన్ అనే పిల్లను పసితనంనుండి బడికి, బడినుండి హాస్టలుకు నడిపించింది. అక్కడి స్నేహాలను, అసూయలను, అలకలను దాచకుండా చెప్పింది. ఆ దారిలో వెనుక నడిచినవారు కొద్దిమంది.

బొమ్మల పెండ్లి

మన ఇండ్లలోని ఒక ఆటను ఇక్కడ జ్ఞాపకం చేస్తాము. హిందువుల ఇండ్లలో బొమ్మల పెండ్లి, ముస్లిముల ఇండ్లలో గుడ్డా గుడియా షాదీ. ఇద్దరు స్నేహితురాండ్రు కూర్చుంటారు. ఒకరిది పెండ్లికూతురు, ఒకరిది పెండ్లికొడుకు. గుడ్డపీలికలతో దుస్తులు, బెల్లంముక్కతో విందు. ఆ పూటకు ఆ ఇద్దరు నెచ్చెలులు వియ్యపురాండ్రవుతారు. కట్నకానుకల దగ్గర మాటా మాటా వస్తుంది. ఒకతె బొమ్మను లాక్కొని ఇంటికి వెళ్ళిపోతుంది. మతాలు వేరయినా ఆట ఒక్కటే. పిల్లలకు తమ స్నేహాన్ని ఆడుకోవడానికి కూడా పెండ్లి తప్ప వేరొక కథ మనం ఇవ్వలేదని ఆ ఆట చెబుతున్నది.

ఇతర దేశాలలో

ఇంగ్లీషులో ‘యంగ్ అడల్ట్’ సాహిత్యమని ఒక శాఖ ఉన్నది. బాల్యం దాటి, పెద్దరికం అందని వయసువారిని గురించి, ముఖ్యంగా వారి కోసమే వ్రాసే కథలవి. దీనిని మనం కౌమార సాహిత్యమని పిలుచుకోవచ్చు. 1967లో అమెరికాలో వెలువడిన ‘ది ఔట్‌సైడర్స్’ నవలను ఈ శాఖకు తొలిమెట్టుగా చాలామంది పరిగణిస్తారు. దానిని వ్రాసిన ఎస్.ఇ. హింటన్ అప్పటికి 18 ఏండ్ల యువతి. అది మగపిల్లల ముఠాల కథ. రచయిత ఆడపిల్ల అని తెలిస్తే చదవరేమోనన్న శంకతో ప్రచురణకర్తలు ఆమె పేరును పొడి అక్షరాలతో సరిపెట్టారు. ఒక ఆడపిల్ల మగపిల్లల స్నేహాన్ని వ్రాసి, తాను ఆడపిల్లననే సంగతి కప్పిపుచ్చుకోవలసి రావడంతో ఈ శాఖ ఆరంభమయిందన్నమాట.

మూడేండ్లలోనే ఆ తెర తొలగింది. 1970లో జూడీ బ్లూమ్ వ్రాసిన ‘ఆర్ యు దేర్ గాడ్? ఇట్స్ మీ, మార్గరెట్’ నవలలో నలుగురు బాలికలు రహస్య సంఘం పెట్టుకొంటారు. ఎదుగుతున్న శరీరాన్ని గురించి ఇంటిలో ఎవరినీ అడగలేని సందేహాలను ఆ నలుగురూ తమలో తాము పంచుకొంటారు. మార్గరెట్ తండ్రి యూదుడు, తల్లి క్రైస్తవురాలు. ఏ మతమూ నేర్పని ఇంటిలో పెరిగిన ఆ పిల్ల రాత్రిళ్ళు ఒంటరిగా దేవునితో మాట్లాడుకొంటుంది. ఈ పుస్తకాన్ని గ్రంథాలయాలలోనుండి తీసివేయాలని అమెరికాలో పలుచోట్ల పెద్దలు పట్టుబట్టారు. అక్కడి పెద్దలూ మన పెద్దలవంటివారే.

మన విద్యార్థినులకు ఇంకా దగ్గరగా వచ్చే పుస్తకం ఒకటి ఉన్నది. పాలస్తీనా మూలాలున్న ఆస్ట్రేలియా రచయిత్రి రండా అబ్దెల్ ఫత్తాహ్ 2005లో ప్రచురించిన ‘డజ్ మై హెడ్ లుక్ బిగ్ ఇన్ దిస్?’ నవల అది. మెల్‌బోర్న్ నగరంలో చదువుకొనే అమల్ అనే బాలిక హిజాబ్ ధరించాలని తనకు తానే నిర్ణయించుకొంటుంది. ఎవరూ బలవంతపెట్టలేదు; తల్లిదండ్రులే ముందు సందేహిస్తారు. ఆమెకు బడిలో సిమోన్, ఐలీన్ అనే ముస్లిమేతర స్నేహితురాండ్రు ఉన్నారు. పాత ఇస్లామీయ పాఠశాల నాటి స్నేహితురాండ్రు యాస్మీన్, లైలా. లైలా బాగా చదువుతుంది. న్యాయవాది కావాలని కోరిక. తల్లి మాత్రం సంబంధాలు చూస్తూ ఉంటుంది. విసిగిపోయిన లైలా ఒకనాడు ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది.

ఇక్కడ రచయిత్రి చేసిన పని మెచ్చదగినది. లైలా తల్లిని రాక్షసిగా చిత్రించలేదు. పల్లెటూరి ఆచారాన్నే ధర్మమని నమ్మి, చదువు ఎరుగని తల్లిగా చూపింది. ధర్మం వేరు, ఆచారం వేరు అనే వివేకాన్ని ఉపన్యాసంతో కాక, కూతురికోసం కుమిలిపోయే ఆ తల్లి ముఖంతో చెప్పింది. చివరకు లైలా ఇల్లు చేరుకొంటుంది. హిజాబ్ ధరించిన పిల్ల, ధరించని పిల్ల, వేరే మతం పిల్ల ఒకే బల్ల చుట్టూ కూర్చొని నవ్వుకొనే ఈ పుస్తకం మన కళాశాల వరండాను చూసి వ్రాసినట్లుంటుంది.

పెద్ద తరగతుల వారికోసం మరొక పేరు చెబుతాము. ఎలెనా ఫెరాంటే అనే కలంపేరుతో 2011లో ఇటాలియన్ భాషలో వెలువడిన నవల ‘మై బ్రిలియంట్ ఫ్రెండ్’ పేరున ఇంగ్లీషులోకి వచ్చింది. నేపుల్స్ నగరపు పేదవాడలో ఎలెనా, లీలా అనే ఇద్దరు బాలికలు. ఇద్దరిలో చురుకైనది లీలా. అయినా చెప్పులు కుట్టే తండ్రి ఆమెను ప్రాథమిక పాఠశాలతో ఆపివేస్తాడు. ఎలెనా చదువు కొనసాగుతుంది. కొంతకాలానికి వాడలోని గ్రంథాలయం అత్యధికంగా పుస్తకాలు చదివినవారికి బహుమతులు ప్రకటిస్తుంది. మొదటి నాలుగు బహుమతులూ లీలాకు, ఆమె తండ్రికి, తల్లికి, అన్నకు వస్తాయి. అయిదవది ఎలెనాకు. ఇంటిల్లిపాది పేర కార్డులు తీసుకొని ఆ పుస్తకాలన్నీ చదివినది లీలా ఒక్కతే!

ఈ ఘట్టం చదివిన రాత్రి మాకు 162 రూపాయల చీటీ గుర్తుకు వచ్చింది. ఎక్కడి నేపుల్స్, ఎక్కడి మన ఊరు! బడి మానిన పిల్ల చదువు ఇంకొకరి కార్డుమీద సాగడం అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది. అక్కడ బహుమతి ఇచ్చారు. మేము జరిమానా వేశాము.

ఆక్షేపణలు

ఇటువంటి పుస్తకాలు మన పిల్లలకు తగవని కొందరు పెద్దలు అనవచ్చు. వారి మాటను తేలికగా తీసివేయరాదు. ఈ శాఖలో వచ్చే పుస్తకాలన్నీ మంచివి కావు. దుస్తుల గొప్పలు, విందులు, ఒక అబ్బాయికోసం ఇద్దరు స్నేహితురాండ్ర తగవు — ఈ మూసలో పోసిన నవలలు కోకొల్లలు. అవి మనకు అక్కరలేదు. ఏ వయసుకు ఏది ఇవ్వాలో అధ్యాపకులు ముందుగా చదివి నిర్ణయించాలి. ఫెరాంటే నవల ఇంటర్మీడియట్ పిల్లలకు కాదు.

సహవాసదోషమనే భయం మరొకటి. మంచి స్నేహితుడిని కస్తూరి అమ్మేవానితోను, చెడ్డవానిని కొలిమి ఊదేవానితోను పోల్చిన ప్రవక్తగారి హదీసు మనందరమూ విన్నదే. కస్తూరి పరిమళానికీ కొలిమి పొగకూ తేడా తెలియాలంటే రెండింటినీ గుర్తుపట్టే నేర్పు కావాలి. ఆ నేర్పు పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? నేడు ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నది. నిమిషానికొక బొమ్మ మారే ఆ అద్దంలో స్నేహమంటే లెక్కకు వచ్చే మెప్పుదలలే. తన స్నేహితురాలు తనను ఎందుకు చిన్నబుచ్చింది, తాను ఆమెను ఎందుకు నొప్పించింది అని మూడువందల పుటలపాటు నిలిచి ఆలోచించే అవకాశాన్ని నవల మాత్రమే ఇవ్వగలదు.

పరదేశపు కథలు మనకెందుకన్న మాటకు మా సమాధానం ఇది: మన కథలు మనం వ్రాసుకొనేవరకు. తెలుగులో ఓల్గా తన ‘విముక్త’ కథలలో సీతకు శూర్పణఖతో, అహల్యతో, ఊర్మిళతో మాటలు కలిపింది; ఆ గ్రంథానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అనసూయా ప్రియంవదల వంటివారికి జరిగిన అన్యాయం కొంత తీరినట్లే. 2004లో వచ్చిన ‘వతన్’ కథల సంకలనం తెలుగు ముస్లిముల ఇండ్లను, ఆ ఇండ్ల భాషను తెలుగు కథలోకి తీసుకువచ్చింది. కాని పదహారు, పదిహేడేండ్ల పిల్ల తన స్నేహితురాలిని గురించి తానే చెప్పుకొనే నవల కావాలని ఒక విద్యార్థిని అడిగితే, మా అరలో వెదికి ఇవ్వదగినది మాకు కనబడలేదు. ఉర్దూ అరలోనూ అంతే.

మా విన్నపం

కళాశాల కార్యవర్గం పెద్దలకు మా విన్నపాలు రెండు. మొదటిది: గ్రంథాలయంలో ఒక అరను ఇటువంటి పుస్తకాలకు కేటాయించాలి. ఒక అరకు నలభై పుస్తకాలు చాలు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు భాషలవీ కలిపి ఉంచాలి. ఎంపిక బాధ్యతను ఇద్దరు అధ్యాపకులతోపాటు ఇద్దరు విద్యార్థినులకు కూడా అప్పగించాలి. రెండవది: చదువు మధ్యలో ఆగిపోయిన విద్యార్థినులకు, వారు కోరినట్లయితే, మూడేండ్లపాటు గ్రంథాలయ కార్డును కొనసాగించాలి. వారి గడువు పదిహేను రోజులు కాక, పండుగనుండి పండుగకు ఉండాలి. దీనికి అయ్యే ఖర్చు స్వల్పం. టి.సి. తీసుకొన్ననాడే ఆ పిల్లకూ మనకూ ఋణం తీరిపోయిందని అనుకోకుండా ఉండడానికి ఇది ఒక దారి.

విద్యార్థినులతో ఒక మాట. ఈ సంచికకు ప్రతి సంవత్సరం మీరు పంపే కవితలలో అమ్మ ఉంటుంది, దేశం ఉంటుంది, వెన్నెల ఉంటుంది. మీ ప్రక్క బెంచీలోని పిల్ల ఉండదు. ఆమెను గురించి వ్రాయండి. టిఫిను డబ్బాలో సగం పెట్టినదాన్ని, పరీక్షనాడు మాట్లాడక అలిగినదాన్ని, ఒకనాడు హఠాత్తుగా రావడం మానివేసినదాన్ని గురించి వ్రాయండి. తెలుగులో నెచ్చెలి అన్నా, ఉర్దూలో సహేలీ అన్నా ఆమె మీకు తెలిసినంతగా మాకు తెలియదు.

చివరిగా ఆ జరిమానా సంగతి. విషయం తెలిసిన తరువాత ఆ విద్యార్థినిని పిలిచి 162 రూపాయలు మా జేబులోనుండి తిరిగి ఇవ్వబోయాము. ఆమె పుచ్చుకోలేదు. “నియమం నియమమే గదా సార్. దానికి బదులు, వచ్చే పండుగకు ఇంకో రెండు పుస్తకాలు ఎక్కువ ఇప్పించండి, తను అడిగింది” అన్నది. ఏ పుస్తకాలు కావాలని అడిగాము. “ఇద్దరు స్నేహితురాండ్ర కథ ఏదైనా ఉంటే” అన్నది. అరలన్నీ వెదికి, చివరకు రెండు పాత కథాసంపుటాలు తీసి ఇచ్చాము. ఆమె అడిగిన పుస్తకం మాత్రం ఇంకా ఇవ్వవలసియే ఉన్నది.